‘మా నాయన చేసేది మోసమేనా మేడమ్?’

అనంతపురం జిల్లాలోని ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ నుంచి కామర్స్ మేడమ్ ఒకరు రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు, రెండు వైపులా. పేరు వేయొద్దన్నారు. ఆనవాలు పట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు 36 ఏళ్ళు. ఆ కాలేజీలో చేరి తొమ్మిదేళ్ళయింది. జీతం 19 వేలు, అది కూడా ఏ పదిహేనో తారీఖుకో వస్తుంది. బీకాం రెండో సంవత్సరం వాళ్ళకు రెండు పేపర్లు చెబుతారు. ఒకటి ‘మానవ విలువలు, వృత్తి నైతికత’, ఇంకొకటి ‘ఎంట్రప్రెన్యూర్‌షిప్’. డిసెంబరులో కాలేజీలో బిజినెస్ డే పెట్టారు. జట్టుకు 500 రూపాయలిచ్చి, సాయంత్రానికి ఎక్కువ లాభం చూపినవాళ్ళకు బహుమతి అన్నారు. ‘మా అమ్మ ఇంట్లో చేసిన నిప్పట్లు’ అని అట్ట మీద రాసి అమ్మిన ముగ్గురమ్మాయిలు గెలిచారు. స్టీలు డబ్బాల సెట్టు, సర్టిఫికెట్ ఈమె చేతుల మీదుగానే ఇచ్చారు. తీరా ఆ నిప్పట్లు బస్టాండు దగ్గర బేకరీలో కిలోల లెక్కన కొని కవర్లలో కట్టినవని తర్వాత తెలిసింది.

ఆ వారం ఎథిక్స్ క్లాసులో, ఎవరి పేరూ ఎత్తకుండానే, "అబద్ధం చెప్పి అమ్మితే దాన్ని వ్యాపారం అనరు, మోసం అంటారు" అన్నారట. అప్పుడు వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచాడు. వాళ్ళది ధర్మవరం. "మేడమ్, మా నాయన మరమగ్గం చీరలు తెచ్చి చేనేత అని బెంగళూరులో అమ్ముతాడు. ఆ లెక్కతోనే నా ఫీజు కట్టినాడు. అయితే మా నాయన చేసేది మోసమేనా?" క్లాసంతా నిశ్శబ్దం. ఈమెకు ఏం చెప్పాలో తోచక, "ఎవరు చేసినా తప్పు తప్పే, కూర్చో" అనేశారు. ఆ మర్నాటి నుంచి ఆ అబ్బాయి రావడం లేదు. పదకొండు రోజులైంది. ఫోన్ చేస్తే ఎత్తడు. నాయనతో పాటు చీరల మూటలు పట్టుకుని బెంగళూరు పోతున్నాడని స్నేహితులు చెప్పారు.

ఇంతటితో అయితే ఆమె ఉత్తరం రాసేవారు కాదేమో. కాలేజీల నాణ్యతను బేరీజు వేసే నాక్ బృందం వాళ్ళ కాలేజీకి రావాల్సి ఉంది. మూడేళ్ళలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ తొమ్మిది కార్యక్రమాలు చేసినట్టు ఫైలు తయారు చేయమన్నారు. నిజంగా జరిగినవి రెండే. మిగతా ఏడింటికి ఒకే రోజు ఏడు ఫ్లెక్సీలు కట్టి, పిల్లలకు మధ్యలో చొక్కాలు మార్పించి ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో ధర్మవరం అబ్బాయి కూడా ఉన్నాడు. ఇది కాక, మొదటి సంవత్సరం తర్వాత పిల్లలు చేయాల్సిన 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు లాగ్‌బుక్కులు ఒకరివి చూసి ఒకరు రాసుకొస్తే వాటి మీదా ఈమె సంతకాలే. ఇప్పుడు తొమ్మిది కార్యక్రమాల ఫైలు మీద సంతకం మిగిలి ఉంది.

భర్త ఏమో, "నువ్వొక్కదానివి నిలబడితే లోకం మారుతుందా, ఇంటి లోను ఇంకా ఆరేళ్ళుంది" అంటారు. సీనియర్ లెక్చరర్ ఒకాయన, "ఎథిక్స్ పీరియడ్‌లో ఎథిక్స్ చెప్పు, బిజినెస్ పీరియడ్‌లో బిజినెస్ చెప్పు, రెండూ కలిపితే ఇట్లాంటి తలనొప్పులే" అని సలహా ఇచ్చారు. ఆమె అడుగుతున్నవి ఇవీ: ఆ పిల్లవాడికి ఏం చెప్పాలి? సంతకం పెట్టాలా, వద్దా? అసలు ఈ పేపర్లు చెప్పే అర్హత నాకుందా, వేరేవాళ్ళకు ఇచ్చేయమని అడగనా? చివర్న చిన్న అక్షరాలతో ఇంకొకటి: నిప్పట్ల వాళ్ళ బహుమతి వెనక్కి తీసుకోవాలా?

మేడమ్, ముందు ఆ పిల్లవాడి సంగతి. నాక్ ఫైలు ఇంకో వారం ఆగుతుంది, ఇది ఆగదు. పదకొండు రోజులు మూటలు మోసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలైన కుర్రవాడికి మళ్ళీ బెంచీ మీద కూర్చోవడం కష్టం. మన వైపు మగపిల్లలు ఎంతమంది ఇట్లా సెకండియర్‌లో ఆగిపోయారో మీరు రోజూ హాజరు పిలిచేవారు, నేను చెప్పక్కర్లేదు.

‘మోసమేనా’ అని అతను అడిగాడు గానీ, దానికి జవాబు అతనికి తెలుసు. మరమగ్గం చీరను చేనేత అని అమ్మితే దాన్నేమంటారో ధర్మవరంలో పుట్టినవాడికి మీరో నేనో చెప్పాలా? ఆ సంగతి తెలిశాక నాయన పక్కన కూర్చుని అన్నం ఎట్లా తినాలన్నదే అతనికి అర్థం కానిది. నలభై మంది ముందు లేచి ఇంటి గుట్టు విప్పాడంటే మీ మీద ఎంతో నమ్మకం ఉంటే తప్ప చేయడు. మీరన్న మాటలో తప్పేమీ లేదు, కాకపోతే నమ్మి నోరు తెరిచినవాణ్ణి "కూర్చో" అన్నారు. అతను కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయాడు.

అతణ్ణి ఎట్లా కలవాలి? ఇంటికి వెళ్ళడం ఒక దారి. కానీ మీరు గడపలో అడుగుపెట్టగానే వాళ్ళ నాయన, "మావాడు ఎందుకు మానేసినాడు మేడమ్?" అని మిమ్మల్నే అడుగుతాడు. అప్పుడు మీరు నిజం చెబితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమవుతుందో ఊహించుకోండి. చెప్పకపోతే మీరిద్దరూ కలిసి అబద్ధం ఆడినట్టు. అందుకని నేనైతే స్నేహితుడి చేత కబురు పంపిస్తాను. ‘ఎగ్జామ్ ఫీజు గడువు అయిపోతోంది, అర్జెంటుగా రమ్మన్నారు’ అని మాత్రం పిలిపించకండి. నవ్వకండి, మన కాలేజీల్లో పిల్లల్ని రప్పించడానికి వాడే మొదటి అస్త్రం అదే. ‘నీ ప్రశ్నకు మేడమ్ తొందరపడి జవాబు చెప్పింది, ఇంకోసారి చెప్పాలంటోంది’ అని చెప్పించండి. అతను రాకపోవచ్చు. అప్పుడు రెండు వారాలు చూసి, హాజరు సంగతి మాత్రమే మాట్లాడటానికి ఇంటికి వెళ్ళొచ్చు.

వస్తే ఏం మాట్లాడాలి? వాళ్ళ నాయన మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పుతో మొదలుపెట్టకండి. ఆ చీర గురించి మాట్లాడండి. అతనికి మీకన్నా ఎక్కువ తెలుసు, అడిగితే చెబుతాడు. మీ వైపు నుంచి కొన్ని సంగతులు చేతిలో పెట్టుకుని కూర్చోండి. మరమగ్గం నడపడం పాపం కాదు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చున్నా కూలి గిట్టక, చేనేతవాళ్ళే ఎంతోమంది మరమగ్గాల షెడ్లలో పనికి వెళ్ళారు. అయితే 1985లో కేంద్రం తెచ్చిన చట్టం ఒకటుంది. చీర, ధోవతి లాంటి 11 రకాల బట్టల్లో ఫలానా ఫలానా నేత చేనేతకే అని కేటాయించింది. మరమగ్గాలవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. కాబట్టి "చేనేత అనకుండా మరమగ్గం అని చెప్పేస్తే అయిపోయె కదా" అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ చీర కేటాయించిన రకమైతే నిజం చెప్పడమే నేయించినవాణ్ణి ఇరికిస్తుంది. కొన్ని అబద్ధాలు ఇందుకే గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఏ రకం కిందికి వస్తుందో చేనేత జౌళి శాఖ ఆఫీసులో అడిగితే చెబుతారు.

ఇంకో సంగతి. సిల్క్ మార్క్ అనేది పట్టు స్వచ్ఛమైనదా కాదా అన్నంత వరకే చెబుతుంది, ఏ మగ్గం మీద నేశారో చెప్పదు. చేతిమగ్గం మీద నేసిందని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్. కొనేవాళ్ళలో ఎక్కువమందికి ఈ తేడా తెలియదు, అమ్మేవాళ్ళకు బాగా తెలుసు. చట్టం ఒప్పుకునే రకం చీరైతే ‘అసలు పట్టు, మరమగ్గం నేత’ అని రొమ్ము విరుచుకుని చెప్పి అమ్ముకోవచ్చు. ధర తగ్గుతుంది, అంతే.

ఎంత తగ్గుతుంది? ఇక్కడే మీ రెండు పేపర్లూ ఒకటవుతాయి. పిల్లవాడి చేతికి కాగితం, పెన్నూ ఇవ్వండి. ఊరికే లెక్క కోసం అనుకుందాం. చీర 3,500కు తెచ్చారు. చేనేత అని చెబితే 9,000 పలుకుతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే 5,000. తేడా 4,000. సరే, ఆ 4,000 ఎవరివి? "కొన్నావిడవి" అంటాడు మొదట. కొంతవరకు నిజమే. కానీ బెంగళూరులో ఉన్న ఆవిడ ధర్మవరం అన్న పేరు వినగానే అంత డబ్బు ఎందుకు తీసింది? హిందూపురం మార్కెట్లో పట్టు గూళ్ళు కొని, దారం తీసి, పడుగు సాగదీసి, ఇంటిల్లిపాదీ రోజుల తరబడి మగ్గం మీద కూర్చుంటే వచ్చిన పేరు అది. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దాకా వెళ్ళిన పేరు. వాళ్ళ వీధిలో ఇంకా చేతిమగ్గం ఆడిస్తున్న ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. ఆ 4,000 ఆ ఇంటి పేరు మీద వాళ్ళ నాయన తీసుకున్న చేబదులు. ఆ ఇంటివాణ్ణి అడగలేదు, తిరిగి ఇచ్చేదీ లేదు. ఈ మాట నలభై మందిలో చెబితే అవమానం. ఇద్దరే కూర్చుని లెక్క వేసుకుంటే అతనే ఆ చోటికి వస్తాడు. బహుశా వాళ్ళ నాయన కూడా ఒకప్పుడు ఆ మగ్గం మీద కూర్చున్నవాడే అయి ఉంటాడు, అది కూడా అతనే చెబుతాడు.

ఆ తర్వాత ఏం చేయాలన్నది అతని ఇష్టం. నాయన మీదికి పోలీసులా పంపకండి. ఏమీ మాట్లాడకుండా డిగ్రీ పూర్తి చేసి తన కాళ్ళ మీద తను నిలబడొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు, పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇంటి పొయ్యి ఎట్లా వెలగాలో నిర్ణయించేవాడు కాదు. లేదూ, తర్వాతి మూటలో నాలుగు చీరలు తనకు ఇమ్మని అడిగి, నిజం చెప్పి అమ్మి చూడొచ్చు. నాయన తిడతాడు, మొదటిసారి లాభం చాలా తక్కువ వస్తుంది, ‘అయితే మీ నాయన పోయినసారి మాకిచ్చింది ఏంది?’ అని పాత గిరాకీ నిలదీసే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ ముందే చెప్పండి. ఫీజు గురించి మాత్రం ఒక్క మాట స్పష్టంగా అనండి: ఆ డబ్బు కట్టినందుకు అతను దోషి కాడు, చదువు మానేస్తే ఆ 4,000 ఎవరికీ తిరిగి చేరవు.

ఇక క్లాసు. మీ సీనియర్‌గారి సలహా వినడానికి సుఖంగా ఉంది. కానీ ఆయన చెప్పినట్టు రెండు పీరియడ్లనూ విడదీసే మీరు బిజినెస్ డే పెట్టారు. సోమవారం నిజం చెప్పమన్నారు, మంగళవారం లాభానికి మార్కులు వేశారు. పిల్లలు తెలివైనవాళ్ళు, మార్కులు ఎక్కడుంటే అటు వెళ్ళారు. ఈసారి సూత్రం మార్చి చూడండి. లాభానికి సగం మార్కులే. మిగతా సగం, అట్ట మీద రాసిన ప్రతి మాటకూ లెక్క చూపగలిగితే. సరుకు ఎక్కడ కొన్నారు, ఎంతకు, ఎవరు చేశారు, తూకం ఎంత. అమ్మే ప్యాకెట్ మీద బరువు, ధర, తయారు చేసినవారి చిరునామా, తేదీ ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు ఎట్లాగూ చెబుతున్నాయి. ఆహారం అమ్మాలంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నమోదు ఉండాలి. నైతికత అంటే ఆకాశంలోంచి ఊడిపడేది అనుకునే పిల్లలకు అది ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుందని తెలియడం మంచిదే. ఈ సూత్రంతో బిజినెస్ డే కాస్త చప్పగా సాగొచ్చు. లాభాలు పడిపోతాయి. కరస్పాండెంట్‌గారికి ఫొటోల్లో కళ తగ్గినట్టు అనిపించవచ్చు.

చర్చకు పిల్లల ఇళ్ళనే ఉదాహరణగా తీసుకోవడం కొన్నాళ్ళు ఆపండి. కాస్త దూరంగా ఉన్నవి చాలానే ఉన్నాయి, పక్క జిల్లాలోనే ఉన్నాయి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతకడానికి జనం సద్ది కట్టుకుని పోతారు కదా. కూలికి వెళ్ళిన మనిషికి రాయి దొరుకుతుంది. దాని విలువ తెలిసిన వ్యాపారి ఒక ధర చెబుతాడు. కూలి మనిషికి అది కలలో కూడా చూడని డబ్బు. ఇచ్చేస్తాడు, సంతోషంగానే. వ్యాపారి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తెలిసింది చెప్పలేదు, అంతే. ఇప్పుడు ఆ తేడా ఎవరిది? పొలం ఎవరిదో ఆ రైతుకు వాటా ఉందా? భూమి కింద దొరికింది సర్కారుదంటారు కదా, అదో? నేను ఈ ప్రశ్నకు ఇప్పటికీ తృప్తిగా జవాబు చెప్పలేను. మీ పిల్లలు పీరియడ్ గంట కొట్టినా లేవరు, కావాలంటే పందెం.

చీనీ (బత్తాయి) మండీ ఇంకొకటి. ‘సూటు’ పేరుతో టన్నుకు ఇంతని కాయ తూకంలోంచి తీసేయడం మీద రైతులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అక్కడ దాపరికమే లేదు. అందరికీ తెలిసి, పట్టపగలు, ఆనవాయితీ పేరు మీద జరిగేది. దీన్ని కాస్త జాగ్రత్తగా ఎత్తండి. మీ క్లాసులో చీనీ తోట ఉన్న ఇంటి పిల్లలు ముగ్గురు నలుగురుంటారు, మండీలో కమీషన్ చేసే ఇంటివాడు కూడా ఒకడు ఉండొచ్చు. మళ్ళీ ఒకడు లేచి నిలబడితే? ఈసారి "కూర్చో" అనరు కదా. "ఆగు, నువ్వు చెప్పేది లెక్క వేద్దాం" అంటే చాలు.

దగ్గర్లో ఇంకో చోటుంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి. అశోకుడి శాసనాలున్న బండలు. అక్కడి చిన్న శాసనంలో వరసలు కొన్ని ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి. ఎద్దులు మడి దున్ని మళ్ళినట్టు. అందులో ఏముందో తెలుసా? తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, సత్యం పలకాలి. ఇవి ఊరికే జనానికి చెప్పి ఊరుకోలేదు. ఏనుగుల మావటీలకు, లేఖకులకు, బండ్లు తోలడం నేర్పేవాళ్ళకు, బ్రాహ్మణ గురువులకు చెప్పి, తమ తమ శిష్యులకు నేర్పించమన్నాడు. మీ సిలబస్‌లో వృత్తి నైతికత అని ఉన్నదాన్ని రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటే ఆ బండ మీద వృత్తుల వారీగా చెక్కించారు. తల్లిదండ్రుల మాట వినడం, నిజం చెప్పడం, రెండూ ఒకే బండ మీద ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి అడ్డం పడినప్పుడు ఏం చేయాలో మాత్రం అశోకుడు చెక్కించలేదు. ధర్మవరం అబ్బాయి అప్పటికి క్లాసులో ఉంటే, ఆ బండ ముందు అతను ఏమంటాడో వినాలని నాకుంది.

వ్యాపారమంటే మోసమేనన్న విరక్తి కూడా పిల్లలకు రాకూడదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళున్నారు. అక్కడ రైతులే సభ్యులుగా ధరణి అనే సహకార సంఘం నడుస్తోంది. రసాయనాలు లేకుండా పండించిన కొర్రలు, సెనక్కాయల్లాంటివి కొని, శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. ముందుగా అడిగి ఒక పూట వెళ్ళండి. నిజం చెప్పి అమ్మడానికి ఎంత ఖర్చవుతుందో, ఎన్ని కాగితాలు రాయాలో చూస్తారు. అది కూడా దాచకుండా చూపించాలి.

ఇప్పుడు మీ సంతకం. దీని దగ్గర నా మాట కాస్త కఠినంగా అనిపిస్తే క్షమించండి, ఎందుకంటే నేనూ పెట్టినవాణ్ణే. ఇరవై ఏళ్ళకు పైగా కామర్స్ పాఠాలు చెప్పాను. ఒక కాలేజీలో ఉండగా, రాని పిల్లలకు 75 శాతం హాజరు వేయమన్నారు. వేశాను. అందరూ వేస్తున్నారు, పిల్లల సంవత్సరం పాడవకూడదు అనుకున్నాను. జాబితా బోర్డు మీద పెట్టిన రోజు ఒక అమ్మాయి వచ్చింది. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. జ్వరమొచ్చినా వచ్చేది. "సార్, అందరికీ 75 వేసినారు. నేను రోజూ ఎందుకొచ్చినట్టు?" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. నాకు ఇప్పటికీ జవాబు లేదు. అబద్ధం హాజరు ఎవరి సొత్తు తీసుకుందో ఆ అమ్మాయి వచ్చేదాకా నాకు తట్టలేదు.

తొమ్మిది కార్యక్రమాల ఫైలూ అంతే. ఆ గ్రేడు చూసి వచ్చే ఏడాది పిల్లను చేర్పించే రైతు ఎవరో ఉంటాడు. వాడు ఆ ఏడు కార్యక్రమాలకు ఫీజు కడతాడు. మీ పిల్లలకైతే ఈ సంగతి ఇప్పటికే తెలుసు, చొక్కాలు మార్చుకున్నది వాళ్ళే.

మీరు సత్యం కంప్యూటర్స్ కంపెనీ పాఠం చెబుతూ ఉంటారు, అందరం చెబుతాం. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. పిల్లలకు ఆ అంకె చెబితే నోరు తెరుస్తారు. కానీ ఆ ఉత్తరంలో చదివించాల్సింది అది కాదు. నిజమైన లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య తేడా మొదట చిన్నదేనట. ఏడాదికేడాది పెరిగిందట. పులి మీద స్వారీలా, దిగితే తినేస్తుందన్న భయంతో దిగలేకపోయామన్నారు. 108 అంబులెన్సులు 2005లో మొదలుపెట్టింది కూడా ఈ మనిషే, దానివల్ల బతికినవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. 2015లో కోర్టు శిక్ష వేసింది ఈ మనిషికే. ఇవి రెండూ ఒకే మనిషి గురించి చెప్పగలిగితే క్లాసులో ‘మంచివాడా, చెడ్డవాడా’ అన్న ప్రశ్న దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. ఆ ధర్మవరం నాయన గురించి కూడా.

మరి సంతకం పెడితే ఏమవుతుంది? చాలావరకు ఏమీ కాదు. ఫైలు వెళుతుంది, జీతం పదిహేనో తారీఖుకు వస్తుంది. ఇది దాచను. కాకపోతే మూడేళ్ళకో అయిదేళ్ళకో మళ్ళీ ఫైలు వచ్చినప్పుడు మిమ్మల్నే పిలుస్తారు, మీకు అలవాటుంది కాబట్టి. బృందం పిల్లలతో కూర్చుని మాట్లాడినప్పుడు ఒకడు నోరు జారితే, "ఫైలు ఇచ్చింది మేడమే" అని అందరూ అంటారు. కాగితం మీద ఉన్నది మీ పేరే.

పెట్టనంటే? నియామకపు కాగితంలో ఏముందో ముందు ఒకసారి తీసి చదవండి. చిన్న కాలేజీల్లో వచ్చే ఏడాదికి ‘వర్క్‌లోడ్ లేదు’ అన్న ఒక్క మాట చాలు. 19 వేలు లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో మీవారితో కూర్చుని రాసుకోండి. ఆయన మాట పిరికితనమని కొట్టిపారేయకండి, లోను కట్టాల్సింది ఆయన కూడా. ఆరు నెలలు నడుస్తుందని తేలితే మీ గొంతు ఒకలా ఉంటుంది, ఒక్క నెలే అని తేలితే ఇంకోలా. వేరేచోట పని చూసుకోవడం కూడా ఈ లెక్కలో భాగమే.

రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది, నా మనసు అటే మొగ్గుతోంది. జరిగిన రెండు కార్యక్రమాల ఫైళ్ళు మీరే స్వయంగా బాగా తయారు చేసి సంతకం పెట్టి ఇవ్వండి. వాటితో పాటు ప్రిన్సిపాల్‌కు అరపేజీ కాగితం: ‘ఈ రెండూ నేను నిర్వహించాను. మిగతావి నా ఆధ్వర్యంలో జరగలేదు కాబట్టి వాటి మీద సంతకం చేయలేను. బృందం వచ్చేలోగా ఈ నాలుగు తేదీల్లో నాలుగు కార్యక్రమాలు నిజంగా చేయగలను.’ పైన చెప్పిన ఎర్రగుడి, చెన్నేకొత్తపల్లి, కొత్త సూత్రంతో బిజినెస్ డే, వాటికి తోడు పిల్లల చేత మగ్గాల మీద ఒక సర్వే, ఇవే ఆ నాలుగు. సర్వే గంటలు లాగ్‌బుక్కుల్లోకి కూడా వెళతాయి, ఈసారి చూసి రాయక్కర్లేదు. నీతులు చెప్పకుండా, గొంతు పెంచకుండా ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

దీని ఫలితం? ఆ ఏడు ఫైళ్ళ మీద ఇంకెవరి చేతనో సంతకం పెట్టించుకోవచ్చు, బహుశా అదే జరుగుతుంది. అబద్ధం ఆగదు, మీ చేతి మీదుగా పోదు, అంతే. ‘ఈమె ఒక్కతే పతివ్రత’ అని స్టాఫ్‌రూమ్‌లో రెండు నెలలు వినాల్సి రావచ్చు. టీ దగ్గర మాటలు ఆగిపోతాయి. అది చిన్న శిక్షేమీ కాదు, తొమ్మిదేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు. మరోవైపు, నిజమైన కార్యక్రమాలు, నిజమైన ఫొటోలు వస్తాయంటే ప్రిన్సిపాల్ లోలోపల ఊపిరి పీల్చుకునే అవకాశం కూడా ఉంది. ఆయనకూ ఆ ఏడు ఫ్లెక్సీలు చూస్తే నిద్ర పట్టకపోవచ్చు.

కాలేజీ గుట్టును క్లాసులో పాఠంగా చెప్పకండి. సాయంత్రానికి ఆఫీసుకు చేరుతుంది, పిల్లలకు ఉపయోగమూ లేదు. కానీ ఎవరైనా, "ఫొటోల సంగతేంది మేడమ్?" అని అడిగితే తప్పించుకోకండి. "ఆ రోజు నేను కూడా వద్దనలేకపోయాను. ఈసారి ఏం చేస్తున్నానో మీరే చూస్తారు" అనండి. మీకు అర్హత ఉందా అని అడిగారు కదా. పేపర్లు వేరేవాళ్ళకు ఇచ్చేయవచ్చు, తేలికవుతుంది. ఎవరికి వెళతాయి? రెండూ కలపొద్దన్న సీనియర్‌గారికే వెళతాయి. తప్పు చేయనివాళ్ళే ఎథిక్స్ చెప్పాలంటే మన రాష్ట్రంలో ఆ పేపరు ఎత్తేయాల్సిందే. మీకు ఊపిరాడనంత టెన్షన్‌గా ఉంటే ఒక్క సెమిస్టర్ ఆగండి, అందులో తప్పు లేదు. లేకపోతే ఆ అబ్బాయి లేచి అడిగిన క్లాసు మీ క్లాసే. ఇంకెవరి క్లాసులోనూ అడగలేదు.

నిప్పట్ల బహుమతి వెనక్కి తీసుకోకండి. లాభం ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళకే అన్న నియమం మీది, ఆ నియమం ప్రకారం వాళ్ళు గెలిచారు. ముగ్గుర్నీ పిలిచి, కిలో ఎంతకు కొన్నారో, ‘మా అమ్మ’ అని అట్ట మీద రాయాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో అడిగి చూడండి, తిట్టకుండా. తర్వాతి బిజినెస్ డేకు ఆ బేకరీ ఆయన్ని అతిథిగా పిలవండి. ఇంట్లో చేసినవేనని కాలేజీ మొత్తాన్ని నమ్మించాయంటే, నిప్పట్లు మాత్రం ఆయన బాగా చేస్తున్నట్టే.